లేచి నిలబడ్డోళ్ళు

ప్రతి ఏడూ ఫిబ్రవరి ఆఖరుకో మార్చి మొదటి వారానికో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఒక పండగ జరుగుద్ది. కేలండర్లో దాని తేదీ ఉండదు. తొమ్మిదో తరగతి పిల్లలు తలా కాస్త చందా వేసుకుని పదో తరగతి అన్నలకీ అక్కలకీ చేసే వీడ్కోలు సభ అది. రంగు కాగితాల తోరణాలు, బోర్డు మీద రంగు సుద్దలతో గులాబీలు, సమోసా, కూల్‌డ్రింకు, ఆఖర్న గ్రూపు ఫోటో. ఆడపిల్లలు అమ్మ చీర కట్టుకొస్తారు. హాల్ టిక్కెట్లు సరస్వతి పటం ముందు పెట్టి కొబ్బరికాయ కొడతారు. అవే హాల్ టిక్కెట్లు ఆ ఆదివారం మా పల్లె చర్చిలో పాస్టరు గారి బల్ల మీదికొస్తాయి. లెక్కల పేపరుకి ఎంతమంది దేవుళ్ళైనా తక్కువే.

ఆ తర్వాత ఉపన్యాసాలు. "భయం భయంగా ఆరో తరగతిలో ఈ గేటు లోపల అడుగు పెట్టాం. ఈ ఐదేళ్ళూ కులమతాల తేడా లేకుండా మేమంతా ఒకే కుటుంబంలా ఉన్నాం." ప్రతి బ్యాచీ అదే మాట. పోయినేడు అన్న చదివిన కాగితం చూసి ఈ ఏడు తమ్ముడు కాగితం రాసుకుంటాడు.

నేను 2012 డీఎస్సీలో తెలుగు స్కూల్ అసిస్టెంటుగా ఉద్యోగంలో చేరాను. ఈ మాట విన్న ప్రతిసారీ నాకొక అనుమానం. ఆ "మేమంతా"లో ఎవరెవరున్నారు? పిల్లలు అబద్ధం చెబుతున్నారని కాదు. ఒకే కుటుంబమంటే అందరూ సమానమని ఎవరన్నారు? మన ఇళ్ళలో మాత్రం ఆడోళ్ళు ఆఖర్న మిగిలింది తినటం లేదా? కుటుంబం అనే మాట చాలా వాటిని కప్పి పెడుతుంది. దాన్ని కాస్త ఎత్తి కింద ఏముందో చూద్దామనే ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను.

ముందు నా సంగతి. నేను పదో తరగతి పరీక్ష రాసింది 2003 మార్చిలో. అప్పట్లో పదకొండు పేపర్లు, ఆరొందల మార్కులు. మాది పల్నాడులో ఒక మాదిగపల్లె. మా తాత చెప్పులు కుట్టేవాడు. మా నాయన ఊళ్ళో రైతు దగ్గర జీతగాడు. అమ్మ కాలాన్ని బట్టి పత్తి తీతకీ మిరప కోతకీ కూలికి పోయేది. మా ఇంట్లో అక్షరం ముక్క తెలిసింది మా నాయనమ్మ ఒక్కదానికే. గుంటూరు ప్రాంతంలో లూథరన్ మిషను 1842లో మొదలయింది. ఆ మిషను వాళ్ళ బడి పక్కూళ్ళో ఉంటే, మా నాయనమ్మ అక్కడ రెండేళ్ళు పోయి బైబిలు చదవటం మటుకు నేర్చుకుంది. మిగతా చదువంతా నాతోనే మొదలు. నా ప్రోగ్రెస్ కార్డు మీద మా నాయన వేలిముద్ర వేసేవాడు. ఆ సిరా మరక మార్కుల మీద పడి సున్నా కనపడకపోతే నాకు తొంభై కాస్తా తొమ్మిది అయ్యేది.

ఆరో తరగతి నుంచి సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉన్నాను. రేకు పెట్టె, సత్తు పళ్ళెం, గ్లాసు, దుప్పటి. బడి రెండు కిలోమీటర్లు. మధ్యాహ్నం నడిచి హాస్టలుకొచ్చి తిని మళ్ళీ నడిచి పోవాలి. ఊరి పిల్లలు వేపచెట్టు కింద క్యారేజీలు విప్పే వేళకి మేం ఎండలో రోడ్డు మీద ఉండేవాళ్ళం. అంచేత ఎవరి పక్కన కూర్చుని తినాలనే గొడవ మాకు రాలేదు. రాకుండా ఏర్పాటై ఉంది.

నాకు బాగా గుర్తున్నది ఒకటుంది. ఏడాదికి రెండు మూడు సార్లు, ఒక సారు రిజిస్టరు చంకన పెట్టుకుని పాఠం మధ్యలో వచ్చేవాడు. హాస్టలు లెక్క కోసమో, పరీక్ష ఫీజు మినహాయింపు కోసమో, కులం సర్టిఫికెట్టు జిరాక్సు కోసమో. గుమ్మంలో నిలబడే, "ఎస్సీలు లేవండ్రా" అనేవాడు. మేం లేచేవాళ్ళం. ఆయన చూపుడువేలితో ఒకటీ రెండూ మూడూ అని లెక్కబెట్టుకునేవాడు. ఒకసారి తప్పితే మళ్ళీ మొదటి నుంచి. ఆరో తరగతిలో నా పక్కన కూర్చునే పిల్లాడితో నాకు మంచి స్నేహం. వాడి రబ్బరు నా దగ్గర, నా పెన్సిలు వాడి దగ్గర. నేను లేచి నిలబడ్డ మరుసటి రోజు వాడు బెంచీ మారాడు. వాడు చెడ్డోడేం కాదు. "మా అమ్మ అట్టా చెప్పింది రా" అని నాతోనే చెప్పాడు.

మా వీడ్కోలు సభ రోజు నేను బళ్ళో లేను. పరీక్షకి ప్యాడూ పెన్నులూ కొనుక్కోవాలని మూడు రోజులు అమ్మతో మిరప కోతకి పోయాను. గ్రూపు ఫోటో ఆ మూడు రోజుల్లోనే తీశారు. పల్లె నుంచి మేం తొమ్మిది మందిమి పరీక్ష రాస్తే ముగ్గురం పాసయ్యాం. తప్పినోళ్ళలో ఒకడు మా పెదనాయన కొడుకు. లెక్కల్లో నాలుగు మార్కులు తక్కువొచ్చినయ్. ఇప్పుడు ఆటో నడుపుతాడు. పెట్రోలుకీ కిరాయికీ నోటితోనే లెక్క కడతాడు, పైసా తేడా రాదు.

2023లో మా బ్యాచి వాళ్ళు వాట్సాప్‌లో గ్రూపు పెట్టారు. ఇరవై ఏళ్ళయింది, ఆత్మీయ సమ్మేళనం చేద్దాం, గురువులకు శాలువాలు కప్పుదాం అన్నారు. ఆ పాత ఫోటో ఎవరో పెట్టారు. "ఆ రోజులే వేరు", "అప్పట్లో కులం ఎవడికి తెలుసు రా" అని వరసగా రాస్తున్నారు. నేనొక్క ముక్క రాశాను: "ఎస్సీలు లేవండ్రా అని పిలిచేవాళ్ళు, ఎంతమందికి గుర్తుంది?" యాభై మంది చూశారు. ఒక్కరూ మాట్లాడలేదు. అరగంట తర్వాత ఎవరో గులాబీ పువ్వుతో శుభోదయం పెట్టారు. అయితే ఆ రాత్రి నాకు విడిగా మూడు మెసేజిలొచ్చినయ్. మూడూ మా పల్లెల వాళ్ళవే. మూడింట్లోనూ ఒకటే మాట: "నాకు గుర్తుంది."

ఇప్పుడు నా పిల్లల సంగతి. 2025 మార్చిలో పదో తరగతి రాసిన బ్యాచి. వీళ్ళంతటి వింత బ్యాచి ఇంకోటి లేదు. ఐదో తరగతి చివర్లో, 2020 మార్చిలో, కరోనా వచ్చి బళ్ళు మూసేశారు. వీళ్ళ ఆరో తరగతి చాలాభాగం ఇంట్లోనే గడిచింది. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు. ఫోన్లలో పంపమన్నారు. పల్లెలో ఇంటికి ఒక్క ఫోను. అది నాయనతో పాటు పనికి పోద్ది, దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చుద్ది. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు అచ్చేసిన పుస్తకాలు మొదట అందుకున్నోళ్ళలో వీళ్ళున్నారు. ఎనిమిదిలో ఉండగా, 2022 డిసెంబరులో, ట్యాబులిచ్చారు. పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్‌తో రాశారు. పెద్దోళ్ళు చేసిన ప్రయోగాలన్నీ వీళ్ళ మీదే జరిగినయ్.

క్లాసులో ముప్ఫై ఎనిమిది మంది. మా పల్లె లాంటి రెండు పల్లెల పిల్లలు పద్నాలుగు మంది. ఇద్దరు ఎరుకల పిల్లలు. మిగతా అంతా బీసీల పిల్లలు, కొద్దిమంది ముస్లిములు. ఊళ్ళో భూములున్న వాళ్ళ పిల్లలు ఎప్పుడో కాన్వెంటు బస్సెక్కారు. అయినా బడి మీద పెత్తనం మాత్రం వాళ్ళ నాయనలదే. ఇద్దరు ఫ్యాన్లు కొనిస్తారు, ఒకరు మైకు కొనిస్తారు, ఆగస్టు 15కి కుర్చీ వేయించుకుని కూర్చుంటారు.

వీడ్కోలు సభకి పది రోజుల ముందు నేను పిల్లలకి ఒక పని చెప్పాను. "నా హైస్కూలు" అని ఒక్కొక్కరూ ఒక పేజీ రాయండి. అందరిదీ గోడ పత్రికలో అంటిద్దాం. పాత కాగితాలు చూసి రాయొద్దు. మీకు నిజంగా గుర్తున్నది రాయండి, చాలు.

రాశారు. ఒకడు మండల స్థాయి కబడ్డీలో ఓడిపోయి లారీలో పాటలు పాడుకుంటూ వచ్చిన సంగతి రాశాడు. ఒకమ్మాయి మధ్యాహ్నం గుడ్డు ఇచ్చే రోజు బడి మానకపోవటం గురించి రాసింది. ఒకడు ట్యాబులో పాఠాల కంటే ఆటలు ఎట్టా ఎక్కించాడో వివరంగా రాశాడు, నాకే తెలియని విద్య. సైన్సు మేడమ్ బదిలీ అయిపోయిన రోజు అందరూ గేటు దాకా వెళ్ళి ఏడ్చింది చాలామంది రాశారు. ఒక పిల్లాడు దాతలిచ్చిన ఫ్యాన్ల గురించి రాశాడు. వంటమ్మ గురించి ఒకడు రాశాడు. ఆమె మా పల్లె మనిషే. మొదట్లో ఊరి పిల్లలు కొందరు ఇంటికెళ్ళి తినొచ్చేవాళ్ళనీ, ఆమె చేసే పప్పుచారు వాసనకి ఒక్కొక్కరే పళ్ళెం తెచ్చుకున్నారనీ రాశాడు. వాడికి తెలియని సంగతి ఒకటుంది. బళ్ళో వండి పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న చెప్పింది. వంటవాళ్ళుగా దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ముందు అవకాశమివ్వాలని 2004 ఏప్రిల్ 20న మళ్ళీ చెప్పింది. పప్పుచారు వాసన వెనక అంత కథ ఉంది.

ఒకమ్మాయి కాగితం చదివి నేను ఆగిపోయాను. మా పక్క పల్లె పిల్ల. పరీక్ష పేపర్లో ముత్యాల్లాంటి జవాబులు రాసుద్ది. నోటితో అడిగితే మాత్రం తల వంచుకుంటుంది. సిగ్గేమో అని మేమంతా అనుకునేవాళ్ళం. ఆ పిల్ల రాసింది ఇది:

"ఐదేళ్ళలో నేను తొమ్మిది సార్లు లేచి నిలబడ్డాను. ఆరులో ఒకసారి, ఏడులో ఒకసారి, ఎనిమిదిలో రెండుసార్లు, తొమ్మిదిలో రెండుసార్లు, పదిలో మూడుసార్లు. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్షకి ఫీజు మిగతా వాళ్ళకి 100, మాకు 50. '50 రూపాయలోళ్ళు లేవండి' అన్నారు. మొదటిసారి లేచినప్పుడు మా పల్లె పిల్లలం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తర్వాత తర్వాత చెప్పకముందే లేచేవాళ్ళం. అప్పటి నుంచి పాఠంలో ప్రశ్న అడిగితే జవాబు తెలిసినా లేవబుద్ధి కాలేదు. లేస్తే అందరూ నన్ను దానికే లేచాననుకుంటారు. నాకు స్కాలర్‌షిప్పు రావటం తప్పు కాదు. మా నాన్న ఆధార్ కార్డు పట్టుకుని నాలుగుసార్లు బ్యాంకుకి తిరిగితే వచ్చినయ్. కానీ లేచి నిలబడి తీసుకుంటే అడుక్కున్నట్టు ఉంటది."

నేను నా క్లాసులో ఎవర్నీ ఎప్పుడూ అట్టా లేపలేదు. చేరిన మొదటి వారమే అడ్మిషన్ రిజిస్టరు చూసి ఎవరెవరో నా నోట్సులో రాసుకున్నాను. ఏ ఫారం వచ్చినా ఆ నోట్సే తీస్తాను. కానీ ఒక క్లాసుకి రోజుకి ఏడెనిమిది పీరియడ్లు, ఏడుగురు టీచర్లు. యూడైస్ లెక్కలకొకరు, స్కాలర్‌షిప్పుకొకరు, నామినల్ రోల్సుకొకరు. నేను లేని పీరియడ్లో ఏం జరుగుతుందో ఆ పిల్ల చేతే నాకు తెలిసింది.

గోడ పత్రిక మా హెడ్మాస్టరు గారు చూశారు. ఆయన చెడ్డ మనిషి కాడు. ఏడాదిలో రిటైరవుతారు. గొడవ లేకుండా ఇంటికి పోదామనుకునే మనిషి.

"రాసింది బాగానే ఉంది మాస్టారూ. కాకపోతే ఇది సందర్భమా? వెళ్ళిపోయే రోజున నాలుగు మంచి మాటలు..."

"ఇదీ మంచి మాటే సార్."

"దాత గారు ముఖ్య అతిథిగా వస్తున్నారు. ఫ్యాన్లిచ్చిన మనిషి. ఆయన చదివితే ఏమనుకుంటాడు?"

"ఫ్యాన్ల గురించి ఇంకో పిల్లాడు రాశాడు సార్. అదీ గోడ మీదే ఉంటది. రెండూ చదువుతాడు."

ఆయన కాసేపు ఆలోచించి, "పోనీ పేరు తీసేసి పెట్టండి" అన్నారు.

ఆ మాట తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఎందుకంటే ఆ పిల్ల నాయన రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తున్నాడు. ఆ చేను ఆ దాతదే. ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో మంచం వేశారు. టీ ఇచ్చారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. కాగితం గోడ మీద ఉంటే వచ్చే ఏడు కౌలు రాకపోవచ్చు. పేరు తీసేయొచ్చు, కాగితమే తీసేయొచ్చు. మీరు ఏది చెబితే అది.

ముందు ఆ పిల్లే మాట్లాడింది. "పేరు తీసేస్తే ఎట్టా సార్? రాసిందెవరో తెలియకపోతే, రాసినోళ్ళు లేవండి అని మళ్ళీ మా అందర్నీ లేపుతారు."

వాళ్ళమ్మ నవ్వింది. "అది రాసిందాంట్లో అబద్ధం ఉందా సార్?" అని అడిగింది. లేదన్నాను. "అయితే ఉండనీయండి."

నాయన చాలాసేపు నేల చూస్తూ ఊరుకున్నాడు. తర్వాత, "తొమ్మిది సార్లంట. ఇంట్లో ఒక్కసారి చెప్పలేదు సార్ ఈ పిల్ల" అన్నాడు. ఇంకాసేపాగి, "నేను ఏడోది దాకా పోయా. నన్నూ లేపేవోళ్ళు. నేనూ ఇంట్లో చెప్పలా" అన్నాడు. కౌలు సంగతి ఆయన ఎత్తనే లేదు.

సభ రోజు కాగితం పేరుతో సహా గోడ మీద ఉంది. దాత ఫ్యాన్ల కాగితం దగ్గర ఫోటో తీయించుకున్నాడు. దాని పక్కదీ చదివాడు. ఏమీ అనలేదు.

ఉపన్యాసాల వేళ క్లాసు లీడరు లేచాడు. బీసీల పిల్లాడు, వాళ్ళ నాయనకి సైకిలు షాపు. జేబులోంచి కాగితం తీసి విప్పి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మేమంతా ఒకే కుటుంబంలా ఉన్నామని రాసుకొచ్చాను సార్. పొద్దున గోడ మీద చదివాను. తొమ్మిది సార్లు లేచానని రాసింది. అన్నిసార్లూ నేను క్లాసులోనే ఉన్నాను. నాకు ఒక్కటే గుర్తుంది. 50 రూపాయలోళ్ళు అన్నప్పుడు వాళ్ళకి సగమే ఎందుకని కుళ్ళుకున్నాను. మిగతా ఎనిమిది సార్లు నాకు అసలు గుర్తు లేదు. మేం కూర్చునే ఉన్నాం కదా సార్."

అంతే మాట్లాడాడు. వాడి మాటతో నాకు వాట్సాప్ గ్రూపు నిశ్శబ్దం అర్థమయింది. మా బ్యాచి వాళ్ళు అబద్ధమాడలేదు. లేచినోడికి ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. కూర్చున్నోడికి అసలు జరిగినట్టే ఉండదు. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే పాఠం విని, రెండు వేరే హైస్కూళ్ళు చదువుకుని బయటికొస్తారు. తర్వాత ఒకడు "మా రోజుల్లో కులం లేదు" అంటాడు. ఇంకొకడు దానికి ఎట్టా జవాబు చెప్పాలో తెలియక నోరు మూసుకుంటాడు.

ఇక్కడ మన కార్యకర్తలు ఒకటి అడుగుతారని నాకు తెలుసు. కులం చెప్పుకోవటానికి సిగ్గెందుకు మాస్టారూ, 1994లో దండోరా మొదలైనాక మాదిగ అని పేరు చివర పెట్టుకుని తిరగలేదా? తిరిగాం. నేనూ గర్వంగా చెప్పుకుంటాను. కానీ మనంతట మనం లేచి చెప్పటం వేరు, ఇంకొకరు వేలు చూపించి లేపటం వేరు. దండోరాలో డప్పు మన చేతుల్లో ఉంది. క్లాసులో రిజిస్టరు వాళ్ళ చేతుల్లో ఉంది. పదకొండేళ్ళ పిల్లకి ఆ తేడా తెలుసు. మాటల్లో చెప్పటం రాదంతే.

ఇంకో మెలిక కూడా ఉంది. మా పిల్లల్లో చాలామందికి చర్చిలో ఒక పేరు, బళ్ళో ఒక పేరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులమంటే హిందువే అయి ఉండాలన్నారు. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. అందుకని లేచి నిలబడ్డ పిల్లని ఆ మాట పట్టుకుని, "ఆదివారం చర్చికి పోతావుగా, నువ్వు ఎస్సీ ఎట్టా అవుతావు?" అని పక్కనోడు అడుగుతాడు. పిల్ల దగ్గర దానికి జవాబు ఉండదు. పెద్ద పెద్ద కోర్టుల్లో వాదించే సంగతి ఆరో తరగతి బెంచీ దగ్గర తేల్చమంటారు.

ఇది చిన్న విషయమని కొందరంటారు. కొట్టలేదు, తిట్టలేదు, నిలబడమన్నారంతే కదా అంటారు. అంబేడ్కర్ సాతారా బళ్ళో గోనెపట్టా ఇంటి నుంచి మోసుకుపోయి దాని మీద కూర్చునేవాడు. కుళాయి తాకకూడదు. ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్ళు. ప్యూను రాకపోతే ఆ పూట నీళ్ళు లేవు. ఇంత లోకం చూసిన మనిషి, "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఆ సంగతి కూర్చుని రాశాడంటే అది చిన్న విషయం కాదనే కదా. కాలేజీలకీ యూనివర్సిటీలకీ యూజీసీ 2012లో ఇచ్చిన నిబంధనల్లో, తరగతిలో పిల్లల్ని రిజర్వుడు కేటగిరీ అని ముద్ర వేయటం వివక్షేనని రాశారు. హైదరాబాద్ యూనివర్సిటీలో రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయినాక మనం ఊరూరా ఊరేగింపులు తీశాం. యూనివర్సిటీ దాకా పోయిన పిల్లల గురించి మాట్లాడతాం, మాట్లాడాలి. ఆ పిల్లలు ఆరో తరగతిలో ఏ గుమ్మం దగ్గర మొదటిసారి లేచి నిలబడ్డారో కూడా అడగాలి.

ఆ తర్వాత జరిగింది చెప్తాను. 2025 ఏప్రిల్ 23న ఫలితాలొచ్చినయ్. ముప్ఫై ఎనిమిది మందిలో ముప్ఫై ఒక్కరు పాసయ్యారు. ఆ పిల్లకి 541 వచ్చినయ్. అంబేడ్కర్ గురుకులంలో ఇంటర్మీడియట్‌లో చేరింది. క్లాసు లీడరు పాలిటెక్నిక్‌లో చేరాడు. తప్పిన ఏడుగురిలో ఐదుగురు మా పల్లెల వాళ్ళే. సప్లిమెంటరీకి ఇద్దరు మా ఇంట్లో కూర్చుని చదివి పాసయ్యారు. ఒకమ్మాయికి సంబంధం చూశారు. మా సోషల్ మేడమూ నేనూ వెళ్ళి మాట్లాడొచ్చాం. పెళ్ళి ఆగింది, చదువు ఇంకా మొదలవలేదు. ఆ పని మీద తిరుగుతున్నాం.

కౌలు పోయింది. జూన్‌లో ఆ రెండెకరాలు వేరే వాళ్ళకిచ్చారు. కారణం ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదని ఇచ్చినోళ్ళకీ తెలుసు, పోగొట్టుకున్నోళ్ళకీ తెలుసు. ఆ పిల్ల నాయన పక్కూళ్ళో ఎకరంన్నర కౌలుకి తీసుకున్నాడు. అది దూరం, నీళ్ళు తక్కువ. ఒక కాగితానికి ఒక కుటుంబం అర ఎకరం కౌలూ, రోజుకి ఆరు కిలోమీటర్ల నడకా చెల్లించింది. ఈ లెక్క కూడా మన పుస్తకాల్లో ఉండాలని రాస్తున్నాను.

బళ్ళో ఒకటి మారింది. ఆ ఏడు జూన్‌లో స్టాఫు మీటింగులో నేనొక మాట అన్నాను. ఏ లెక్క కావాల్సినా పిల్లల్ని లేపాల్సిన పని లేదు. వివరాలన్నీ అడ్మిషన్ రిజిస్టర్లో ఉన్నయ్. లేనివాటికి చీటీ రాసి మడిచి క్లాసులో అందరికీ, ముప్ఫై ఎనిమిది మందికీ, ఇద్దాం. కావాల్సిన కాగితాలు ఎవరివి వాళ్ళకి అందులో ఉంటయ్. అందరూ మర్నాడు కవర్లో పెట్టి తెస్తారు. ఒక మేడమ్ టైము వేస్టన్నారు. హెడ్మాస్టరు గారు నా వంక ఒకసారి చూసి, "చీటీలకి కాగితం ఆఫీసులో తీసుకోండి" అన్నారు. అంతే. పెద్ద విప్లవం కాదు. రిమ్ము కాగితం ఖర్చు.

నేను తెలుగు చెప్పేవాణ్ణి. జాషువా (1895–1971) మా ప్రాంతంలోనే, వినుకొండలో పుట్టాడు. ఆయనా తెలుగు పంతులే. ఆయన పద్యాలు క్లాసులో చదివేటప్పుడు ఆ పిల్ల ఎప్పుడూ తల వంచుకునే వినేది. పరీక్షలకు వారం ముందు, రివిజన్‌లో, నేనొక పద్యానికి తాత్పర్యం అడిగాను. ఎవర్నీ చూసి అడగలేదు, ఊరికే క్లాసుని అడిగాను. మూడో బెంచీలోంచి ఆ పిల్ల లేచి చెప్పింది. మధ్యలో ఒక మాట తప్పింది. సరిదిద్దుకుని మళ్ళీ చెప్పింది.

చదువుతున్న మీలో టీచర్లుంటారు, బీఈడీ చేస్తున్న పిల్లలుంటారు, సంఘాల్లో పని చేసేవాళ్ళుంటారు. మీ ఊరి బడికి ఒకసారి వెళ్ళండి. నినాదాలేం వద్దు. స్కాలర్‌షిప్పుల వివరాలు ఎట్టా తీసుకుంటున్నారో అడగండి. అక్కడ పిల్లల్ని లేపుతుంటే చీటీల సంగతి చెప్పండి. పదో తరగతి పిల్లలు వీడ్కోలు సభలో మాట్లాడే ముందు, అందరి చేతా ఒక్కో పేజీ రాయించమనండి. కూర్చున్నోళ్ళ జ్ఞాపకాలు ఇప్పటికే చాలా ఉన్నయ్. లేచి నిలబడ్డోళ్ళవి కావాలి.